తలుపులన్నీ మూశాక

పోయిన శనివారం పొద్దున సిడ్నీ శివారు గిరావీన్‌లో ఒక గృహప్రవేశం ఇంట్లో హీటర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని మరలు బిగిస్తుంటే, వెనకనుంచి మల్లెపూల అగరుబత్తి వాసన వచ్చింది. ఇంటావిడ దేవుడి పటాల ముందు వెలిగించినట్టుంది. ఆ వాసనకు అందరికీ దేవుడు గుర్తొస్తాడు కాబోలు. నాకు మాత్రం నర్సింహులు అంకుల్ చొక్కా జేబు గుర్తొస్తుంది. అందులో ఒక పెన్ను, చిన్న టార్చి, ఎప్పుడూ రెండు మూడు అగరుబత్తులు ఉండేవి, సగానికి విరిగిపోయి. ఎరగనివాళ్లు ఆయన ఏ గుళ్లోనో పనిచేస్తారనుకునేవారు. ఆయన గ్యాస్ ఫిట్టర్. నేనూ గ్యాస్ ఫిట్టర్నే, ఆయన తయారు చేసిన ఫిట్టర్ని.

ఒంగోలునుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చి, అకౌంటింగ్‌లో మాస్టర్స్ చదివి, చివరికి సిడ్నీలో ఇళ్లకు హీటర్లు బిగిస్తున్నానంటే మా అమ్మకు ఇప్పటికీ మింగుడు పడదు. బంధువులు అడిగితే "ఎనర్జీ కంపెనీలో" అని చెప్పి మాట మారుస్తుంది. నిజానికి నేను అంకుల్ దగ్గర చేరింది ఫోన్లు ఎత్తడానికి. ఆయనది కరీంనగర్ దగ్గర ఒక పల్లె. ఐటీఐ చదివి, గల్ఫ్‌లో పైపులు వేసి, ఆ పనితనం మీదే ఆస్ట్రేలియా వచ్చి, ఇక్కడి లైసెన్సు పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి రాసి పాసైన మనిషి. ఆఫీసంటే ఆయన ఇంటి గరాజే. ఒక బల్ల, ఒక ఫోను, గోడకు వరసగా రెంచీలు. ఆయనతో పనికి వెళ్లే మనిషికి ఓ రోజు నడుం పట్టేస్తే, హీటర్ రెండో వైపు పట్టుకోవడానికి ఎవరూ లేక నన్ను రమ్మన్నారు.

"నాకేం తెలుసు అంకుల్? ఆడపిల్లని, కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని," అన్నాను.

"పట్టుకున్నది ఆడో మొగో హీటరుకు తెల్వదు బిడ్డా. పట్టుకో," అన్నారు.

పట్టుకున్నాను. ఇంక వదల్లేదు. ఆ ఏడాదే సాయంత్రం కోర్సులో చేరాను, పగలు ఆయన వెంట తిరిగాను.

ఈ హీటర్ల సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. పాత ఇళ్లలో నడవా పక్క అల్మరాలో గ్యాస్‌తో మండే పెట్టె ఒకటి ఉంటుంది. అది గాలిని వేడిచేసి గొట్టాల ద్వారా గదులకు పంపుతుంది. మండిన గ్యాస్ మాత్రం వేరే పొగగొట్టం గుండా కప్పు దాటి బయటికి పోవాలి. పోకుండా ఇంట్లోకే మళ్లితే అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తల నొప్పెడుతుంది, నిద్ర ముంచుకొస్తుంది, ఆ నిద్రలోనే ప్రాణం పోవచ్చు. మొదటిసారి నా చేత్తో హీటర్ వెలిగించి, నీలంగా నిలబడ్డ మంటను చూసి మురిసిపోతుంటే అంకుల్ నా భుజం తట్టారు.

"మంటను జూసి సంబరపడకు. మంట మంచిగనే కనబడ్తది. పొగ ఏడికి పోతుందో గది జూడు."

దానికే అగరుబత్తి. కొలిచే మీటరు మాకుంది, రోజూ వాడతాం. కానీ ఆయన ముందు ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ మూయించేవారు. వంటింట్లో పొయ్యి పైన పొగ లాగే ఫ్యాను, స్నానాలగదుల ఫ్యాన్లు అన్నీ ఒకేసారి వేయించేవారు. హీటర్ వెలిగించి పావుగంట ఆగి, అప్పుడు అగరుబత్తి ముట్టించి పెట్టె పైభాగంలో పొగగొట్టం మొదలయ్యే సందు దగ్గర పట్టుకునేవారు. పొగ ఆ సందులోకి పోతే మంచిది. మన ముఖం మీదికొస్తే హీటర్ బందు. ఫ్యాన్లు ఇంట్లో గాలిని బయటికి తోడేస్తుంటే, ఆ వెలితి పూడ్చుకోవడానికి ఇల్లు పొగగొట్టంలోంచే గాలి లాక్కుంటుంది, దాంతోపాటే విషమూ దిగుతుంది. ఇంటివాళ్లకు ఇదంతా చెప్పకుండా ఆయన ఒక్క మాట అనేవారు: "అమ్మా, పండగపూట గారెలు గోలిచ్చేటప్పుడు ఇల్లు ఎట్లుంటదో గట్ల జేయుండ్రి. ఇగ నేను జూసుకుంట."

మామూలు రోజున బాగుందని ఏ ఇంటినీ ఆయన నమ్మేవారు కాదు. ఆ పావుగంటా కదలకుండా కూర్చునేవారు. ఇంటివాళ్లు విసుక్కున్నా, వెనకాల వేరే ఇల్లు ఎదురుచూస్తున్నా సరే. నాకేమో కాలు ఒకచోట నిలవదు, ఆ పావుగంట నాకు ప్రాణసంకటం. ఒకసారి తెగించి అడిగేశాను కూడా: "అంకుల్, ఐదు నిమిషాల్లో తేలేదానికి ఇంతసేపెందుకు?" ఆయన నవ్వి, ఫ్లాస్కులోంచి టీ పోసి నా చేతిలో పెట్టారు.

నాకు లైసెన్సు వచ్చాక తొలి చలికాలం ఒంటరిగా ఇళ్లకు పంపడం మొదలుపెట్టారు. అలా వెళ్లిందే కిరణ్, మాధవి వాళ్లిల్లు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్లు, నాలుగు నెలల పాప. పాపను చూసుకోవడానికి కిరణ్ తల్లి రాజ్యలక్ష్మిగారు గుంటూరునుంచి వచ్చి ఉన్నారు. వాళ్లు కొన్న పాత ఇంట్లో పాడైన హీటర్ తీసి వేరేది పెట్టాను. పని బాగానే చేశాను, ఇప్పటికీ ఆ జాయింట్లలో తప్పు పట్టలేరు. పరీక్ష చేసే వేళకు సామాను లారీ వచ్చింది. వెనక తలుపు బార్లా తెరిచి మంచాలు, సోఫాలు మోసుకొస్తున్నారు. వంటింట్లో ఇంకా ఫ్యానే లేదు, దాని చోట బెజ్జం మాత్రం ఉంది. ఆ తెరిచిన తలుపుతోనే అగరుబత్తి పట్టుకున్నాను. అంత గాలి వస్తుంటే పొగ ఎందుకు పోదు? చక్కగా పైకి పోయింది. కాగితం మీద "తలుపులన్నీ మూసి పరీక్షించాను" అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేశాను. ఆ టిక్కు పెట్టి నిశ్చింతగా ఇంకో ఇంటికి వెళ్లిపోయాను, అదే ఇప్పటికీ సిగ్గు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం, పదకొండు గంటలప్పుడు, అంకుల్, నేను గరాజులో ఉండగా మాధవి ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను. "హీటర్ సూపర్‌గా ఉంది అండీ, ఫిల్టర్ ఎప్పుడు చేంజ్ చెయ్యాలో అడుగుదామని," అంది. అని ఊరుకోక, తోచక మాట్లాడినట్టు చెప్పుకుంటూ పోయింది. "వీకెండ్ వంటలు మొదలుపెడితే చాలు అందరికీ తల దిమ్ముగా ఉంటోంది. అత్తయ్యకైతే వాంతి వచ్చినట్టు. జీపీ డాక్టర్ వైరల్ అన్నాడు. గుడికి వెళ్తే తగ్గిపోతోంది, ఇంటికి రాగానే మళ్లీ మామూలే. కొత్త ఇంటికి దిష్టి తగిలిందని అత్తయ్య ఇప్పుడే ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యి మీద వేశారు, ఆ ఘాటుకు ఫ్యాన్లన్నీ వేశాం. పాప కూడా పొద్దుట్నుంచి పాలకు లేవకుండా పడుకునే ఉంది."

అంకుల్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయింది. "తల్లీ, నేను నర్సింహులును. హీటర్ బందు జెయ్యి. ఇప్పుడే. ఫిల్టరు గిల్టరు తర్వాత. పాపను ఎత్తుకో, అమ్మను పట్టుకో, తలుపులు తెరిసి అందరు బయటికి నడువుండ్రి. అంబులెన్సుకు ఫోన్ జెయ్యి, గ్యాస్ పొగ పీల్చినమని చెప్పు. నేను ఒస్తున్న."

మేము వెళ్లేసరికి ముందు పచ్చికలో, ఎండలో, రాజ్యలక్ష్మిగారు పాపను శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మాధవి పాప పాదాలు రుద్దుతోంది. అంబులెన్సు వాళ్లు పాపకు ఆక్సిజన్ పెట్టి ముగ్గురినీ వెస్ట్‌మీడ్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. పాప ఏడవడం లేదు. నాలుగు నెలల పిల్ల అంతమంది మధ్య ఏడవకపోవడమేమిటి?

అప్పుడే బజారునుంచి వచ్చిన కిరణ్ మాత్రం ఇంటి దగ్గర ఆగాడు. ఇల్లంతా గాలి ఆడాక అంకుల్ మళ్లీ అన్నీ మూయించి, పొద్దున వాళ్లున్నట్టే ఫ్యాన్లు వేయించారు. వంటింట్లో కొత్తగా పెట్టిన ఫ్యాను విమానంలా మోగింది. పోపు వాసన పక్కింటికి పోకూడదని ఉన్నవాటిలో పెద్దదే కొన్నారట. గోడల్లో గాలి వచ్చే కంతలన్నిటికీ న్యూస్‌పేపర్లు కుక్కి టేపు వేసి ఉన్నాయి. మీటరు చేత పట్టుకుని హీటర్ వెలిగించారు. అగరుబత్తి పొగ ఒక్క క్షణం తటపటాయించి, తిన్నగా అంకుల్ గడ్డం మీదికి వచ్చింది. మీటరు కూత పెట్టింది. వెంటనే హీటర్ ఆపేసి, మళ్లీ తలుపులన్నీ తెరిచి మమ్మల్ని బయటికి తోశారు.

"ఈ పేపర్లు ఎవరు పెట్టిన్రు?" అని అడిగారు.

"అమ్మ," అన్నాడు కిరణ్. "పాపకు చలిగాలి కొడుతోందని. వద్దమ్మా అని చెప్పాను, వింటేనా? మా అమ్మే పాపను..." అని ఆ మాట పూర్తి చేయలేక ఫోన్ చేత పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు.

ఎంత నీచమో చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు కాస్త ఊపిరి వచ్చింది. పేపర్లు పెట్టింది ఆవిడ, ఫ్యాను కొన్నది వాళ్లు. నా పేరు ఎక్కడా లేదు.

వ్యానులో అంకుల్ తాళం తిప్పలేదు. ముందు అద్దంలోంచి చూస్తూ అడిగారు. "ఆ దినం ఎనక తలుపు మూసినవా బిడ్డా?"

"లేదంకుల్," అన్నాను. "సామాను తెస్తున్నారు. మూసినట్టు రాసేశాను."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకున్నారు. "వంటింట్ల బెజ్జం జూసినవు. రేపు ఆడ ఫ్యాను ఒస్తదని నీకు ఎరుకే. చెప్పకపోతివి. నేను నిన్ను ఒక్కదాన్నే పంపితిని. ఇద్దరిదీ తప్పే," అన్నారు. "కని నాకు చెప్తే ఏమొస్తది? ఆ పెద్దమ్మకు చెప్పు."

ఆసుపత్రిలో రాజ్యలక్ష్మిగారు వరండాలో గోడవైపు తిరిగి కూర్చున్నారు. ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టం అప్పుడే తీసినట్టుంది. లోపల పాప మాధవి ఒళ్లో ఉంది, రక్తపరీక్ష రావాలి. కోడలు రమ్మన్నా ఆవిడ లోపలికి పోవడం లేదట. "నా చేతులతో నేనే కుక్కానమ్మా ఆ కాగితాలు. ఈ చేతులతో ఇంక దాన్ని ముట్టుకోను," అని తనలో తాను అనుకుంటున్నారు. అంకుల్ కాస్త ఎడంగా నిలబడిపోయారు, నాకు సాయం రాలేదు. నేను ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. తలుపులు మూసి చూసి ఉంటే ఈ హీటర్ ఈ ఇంటికి సరిపోదని ఆ రోజే అనుమానం వచ్చేదని, గాలి కంతలు మూయకూడదని, పెద్ద ఫ్యాను పెట్టకూడదని చెప్పాల్సింది నేనేనని, చూడకుండా సంతకం పెట్టానని. నా వెనక మాధవి వచ్చి నిలబడిందని నాకు తెలియదు.

"మా పాపకు నాలుగు నెలలు," అంది మాధవి. ఆ నాలుగు మాటలు ఇప్పటికీ నా చెవిలోనే ఉన్నాయి, ఉండాలి కూడా.

సాయంత్రానికి డాక్టరు వచ్చి పాపకు ప్రమాదం లేదన్నారు. అప్పుడు పాప ఆకలికి ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది. జీవితంలో అంత మంచి ఏడుపు నేను వినలేదు. అంకుల్ గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నారు. వెళ్లబోతుంటే రాజ్యలక్ష్మిగారు నన్ను పిలిచారు. పాప ఆవిడ భుజం మీద ఉంది.

"నిన్ను మెచ్చుకోను, చేసింది చిన్న తప్పు కాదు," అన్నారు. "కానీ నువ్వు చెప్పకపోతే నేను ఈ జన్మలో దీన్ని ఎత్తుకునేదాన్ని కాదమ్మా."

మర్నాడే అంకుల్ లైసెన్సు ఆఫీసుకు తనే ఫోన్ చేసి జరిగింది చెప్పారు. నేను మళ్లీ కొన్నాళ్లు ఆయన పక్కనే పనిచేయాల్సి వచ్చింది. ఆ ఇంట్లో బయటి గాలి తీసుకుని బయటికే వదిలే రకం హీటర్ పెట్టాం, పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టాం. ఆ చలికాలం నేను ఒంటరిగా సంతకం పెట్టిన ఇళ్లు ఇంకో పదకొండు ఉన్నాయి. పదకొండింటికీ ఇద్దరం వెళ్లి, తలుపులు మూసి, పావుగంట కూర్చుని మళ్లీ చూశాం. ప్రతి ఇంట్లోనూ ఎందుకొచ్చామో నేనే చెప్పాలి. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఆ పదకొండు పావుగంటల్లో ఒక్కసారి కూడా ఇంతసేపెందుకని అడగలేదు నేను.

తర్వాత రెండేళ్లకు అంకుల్ పని మానేసి డార్విన్‌లో నర్సుగా చేస్తున్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. "హీటరే అక్కరలేని ఊళ్లో మీకేం తోస్తుంది?" అని ఫోన్లో ఏడిపించేదాన్ని. "ఈడ తలుపులే ముయ్యరు బిడ్డా, మస్తు నిద్రబడ్తుంది," అనేవారు. పోయిన వానల్లో, ఆ నిద్రలోనే పోయారు. ఆయన రెంచీలు నా వ్యానులో ఉన్నాయి. ఆయన లేరన్న సంగతి మాత్రం ఇంకా నాకు అలవాటు కాలేదు.

పోయిన శనివారం ఆ గృహప్రవేశం ఇంట్లోనూ వెనక తలుపు తెరిచే ఉంది. కేటరింగ్ వాళ్లు గిన్నెలు మోస్తున్నారు. ఇంటాయన గడియారం చూసుకుంటూ వచ్చాడు.

"మేడమ్, గెస్ట్స్ వచ్చేస్తున్నారు. హీటర్ ఆన్ అయింది కదా, పేపర్ సైన్ చేసి ఇచ్చేయండి. డోర్స్ క్లోజ్ చేసి మళ్లీ ఎందుకు చెక్ చేయడం?"

"అందరూ వెళ్లాకే చేస్తానండీ. అప్పటిదాకా హీటర్ వెయ్యకండి," అని గ్యాస్ కట్టేసి, వ్యానులో కూర్చున్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఇంటావిడ జాలిపడి పులిహోర పంపింది. మూడు గంటలు కూర్చున్నాను. చివరి కారు కదిలాక లోపలికి వెళ్లి, కిటికీలు ఒక్కొక్కటీ చూసి, ఫ్యాన్లన్నీ వేసి, ఆ వెనక తలుపు నా చేత్తో నేనే మూశాను. హీటర్ వెలిగించి పావుగంట కదలకుండా కూర్చున్నాను. తర్వాత జేబులోంచి విరిగిన అగరుబత్తి తీసి ముట్టించాను.

పొగ సందులోకి పోయింది. అప్పుడు సంతకం పెట్టాను.