మూడో పిలుపు

డేనియలన్న ఆళ్లగడ్డలో రాళ్ల మీద పేర్లు చెక్కుతాడు. మా ఊరు విగ్రహాలకు పేరుపడ్డ ఊరు కాబట్టి తెలియనివాళ్లు ఆయన్ని కూడా శిల్పి అనేస్తారు. ఆయన ఒప్పుకోడు. "శిల్పులు రోడ్డు అవతల ఉండారప్పా. నేను ఒట్టి పేర్లోణ్ని" అంటాడు. సమాధి రాళ్లు, చర్చి గోడల్లో పెట్టే పలకలు, కొత్త ఇళ్ల గేట్ల పక్కన పెట్టుకునే పేర్లు, అన్నీ ఆయన చేతివే. నంద్యాల సమాధుల తోటలో కూడా చాలా రాళ్లు ఆయన ఉలి చూసినవే.

ఇన్ని పేర్లు చెక్కిన మనిషి సొంత పెళ్లాం పేరు మాత్రం ఎన్నడూ నోటితో పలకలేదు. "మేయ్" అనేవాడు. అంతే. వీధి మొదట్లో ఆ "మేయ్" వినపడితే చాలు, ప్రమీలక్క స్టవ్ ఆపి మరీ వాకిట్లోకి వచ్చేది.

నేనూ ప్రమీలక్కా ఒకే బడిలో పంతులమ్మలం, పక్కపక్క ఇళ్లవాళ్లం. ఆమెది నంద్యాల. పెళ్లయి ఇక్కడికి వచ్చి ముప్ఫై ఏళ్లు దాటినా నంద్యాల నీళ్ల రుచి గురించి మాట్లాడేది. నాకు నోరు ఊరుకోదు కాబట్టి ఒకసారి డేనియలన్నను అడిగేశాను.

"ఏమన్నా, నీ పెళ్లానికి దేవుడు పేరు పెట్టలేదా?"

"పేరు పెట్టి పిలిచేకి ఆమేమన్నా పరాయి మనిషా అరుణా?" అన్నాడు.

మగవాళ్ల తెలివి ఇంతే అని నవ్వి ఊరుకున్నాను.

ప్రమీలక్కకు మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నప్పుడు, డేనియలన్న దగ్గర పనిచేసే హరీష్ ఆమెకు టీవీలో 'ఆఖరి కంచె' అనే సీరియల్ పెట్టి ఇచ్చాడు. ఎక్కడో దేశంకాని దేశంలో తీసింది, తెలుగు మాటలు అతికించారు. ఒక జబ్బు వచ్చి మనుషులంతా జాంబీలైపోతారు. మిగిలినవాళ్లు ఒక ఊరి చుట్టూ కంచె వేసుకుని బతుకుతుంటారు. నేను మొదటి భాగానికే కళ్లు మూసుకున్నాను. ప్రమీలక్క మాత్రం మంచం దిగేలోపు ఒక సీజన్ మొత్తం మింగేసింది.

ఆ తర్వాత అది మా వీధికి అంటుకుంది. ఆదివారం ఆరాధన కాగానే అందరం వాళ్ల ఇంట్లో చేరేవాళ్లం. సెల్‌ఫోన్ల అంగడి వినీత్ అయితే ఏ భాగంలో ఎవరు చచ్చారో వేళ్ల కొసల మీద చెప్పేవాడు. పాస్టరమ్మ ఒకసారి మెల్లగా, "చచ్చినోళ్లు లేసేది సూడొచ్చునా టీచరమ్మా?" అని అడిగింది. "వీళ్లు లేసినోళ్లు కాదమ్మా, పోలేకపోయినోళ్లు" అంది ప్రమీలక్క. పాస్టరమ్మ కూడా కూర్చుని రెండు భాగాలు చూసిపోయింది.

ఆ సీరియల్‌లో ఒక రూలుంది. జాంబీ కరిచిన మనిషి కంచె దగ్గరికి వస్తే వెంటనే కాల్చరు. ఇంటివాళ్లు వచ్చి మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. తిరిగి చూస్తే ఆ మనిషి ఇంకా మిగిలి ఉన్నట్టు, లోపలికి తీసుకుంటారు. తిరగకపోతే తుపాకి. పోయిన సీజన్ చివర్లో గేటు కాపలా కాసే బెన్ భార్య లీనా కంచె అవతల అటు తిరిగి నిలబడింది. బెన్ ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి నోరు తెరవగానే అక్కడితో సీజన్ ఆపేశారు దొంగముండాకొడుకులు.

ఆ రోజు వాళ్ల ఇంట్లో జరిగిన గొడవ ఎన్నికలప్పుడు కూడా జరగలేదు. తిరగదు అని వినీత్. తిరుగుతుంది అని ప్రమీలక్క.

"కట్టుకున్నోడు పిలిచ్చే తిరగకుండా ఎట్లుంటాదిరా? తల తెగిపడినా తిరుగుతాది!"

"అది జాంబీ, టీచరమ్మా!"

"అయితే ఏమి? పెళ్లాం కాకుండా పోతాదా?"

కొత్త సీజన్ రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో ప్రమీలక్క ఒక్కొక్కటిగా మరిచిపోయింది. కీర్తనలు పుస్తకం చూడకుండా చివరిదాకా పాడేది, చర్చి బయటికి వచ్చి ఇంటికి దారి ఎటని అడిగేది. ఒకరోజు నా వంటింట్లోనే కూర్చుని, "మీ ఇల్లు యాడమ్మా?" అంది. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

డేనియలన్న ఆమెను నంద్యాలలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు, తోడుగా నేనూ వెళ్లాను. ఈ మతిమరుపు జబ్బు వెనక్కి తిరిగేది కాదని డాక్టరు మంచిమాటలతోనే చెప్పాడు. "ఆమె పేరు ఆమె మరిచిపోకుండా పేరు పెట్టి పిలుస్తా ఉండండి" అన్నాడు. డేనియలన్నకు అదే మందుచీటీ అయింది. తిరుగు బస్సులో కిటికీ వైపు మొహం పెట్టుకుని "ప్రమీలా, ప్రమీలా" అని లోపల్లోపల పలికి చూసుకున్నాడు. ఆ మాట ఆయన నోట్లో కొత్త చెప్పులా కరిచింది. నాకు నవ్వొచ్చింది, నవ్వలేకపోయాను.

ఇంటికి వచ్చాక పొద్దస్తమానం అదే పిలుపు. "ప్రమీలా, మాత్ర యేసుకో. ప్రమీలా, ఈడ కూచో." ఆయన పేరు పెట్టి పిలిచేకొద్దీ ఆమె కొంగు సర్దుకుని, "చెప్పప్పా" అనడం మొదలుపెట్టింది. మా దిక్కున అంగడివాణ్నీ అప్పా అంటాం, ఆటోవాణ్నీ అప్పా అంటాం. ప్రమీలక్క మొగుణ్ని మాత్రం ఎన్నడూ అలా అనలేదు. జబ్బు ముదురుతోందని అనుకున్నాం.

కొత్త సీజన్ మొదటి భాగం వచ్చిందని వినీత్ చెప్పినప్పుడు, ఈసారి ఎవరి ఇళ్లలో వాళ్లం చూద్దామన్నాను నేను. డేనియలన్న వినలేదు.

"ఈడనే సూడాల. ఆమె ఎంత ఎదురుసూసిందో నీకు తెలుసు గదా. లీనా తిరిగేది సూచ్చే ఏమన్నా కదులుతాదేమో. నన్ను ఒక్కసారి గుర్తుపడితే సాలు అరుణా. ఇంగేమీ వద్దు."

ఆ మాటకు నేనేం అడ్డం చెప్పను? ఆదివారం ఆరాధన అయ్యాక మురుకులు తీసుకుని వెళ్లాను. ప్రమీలక్కకు తల దువ్వి, బడికి కట్టుకునే నీలం చీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టాడాయన. కుచ్చిళ్లు ఎత్తుపల్లాలుగా ఉన్నాయి. సరిచేయబోయి మానుకున్నాను.

సీరియల్ మొదలైంది. బెన్ కంచె పట్టుకుని మూడోసారి పిలిచాడు. లీనా తిరగలేదు. గాలికి జుట్టు కదిలిందే కానీ తల కదల్లేదు. తుపాకి పేలింది. డేనియలన్న టీవీ చూడటం లేదు, పెళ్లాం మొహమే చూస్తున్నాడు. ఆ మొహంలో ఏమీ లేదు.

అయిపోగానే హరీష్ మండిపడ్డాడు. "రెండేండ్లు కూచోబెట్టి ఇదా సూపిచ్చేది?"

"రూలంటే రూలే" అన్నాడు వినీత్. "నేను ముందే చెప్పలా? మరిచిపోయినంక ఆమె లీనా గాదు. ఒట్టి వొళ్లు. కాల్చాల్సిందే."

అన్నాక నాలిక కరుచుకున్నాడు. నా చేతిలో ఉన్నది మురుకుల గిన్నె కాబట్టి బతికిపోయాడు. ఆ మాట ఎలాగైనా తుడిచేయాలని హరీష్ గబగబా అందుకున్నాడు.

"అది గాదులేన్నా. వాడు అందరి మాదిరి లీనా లీనా అంటాండాడు. ఇంట్లో ఏమని పిలుస్తాండెనో ఎవురికి తెలుసు? ఆ పిలుపు పిలిచుంటే తిరుగుతాండె."

వాడు సీరియల్ గురించే అన్నాడు. నేను మాత్రం డేనియలన్న మొహం చూశాను. ఆయనకింకా తట్టలేదు.

అంతలో ప్రమీలక్క లేచింది. సంచీ చంకకు తగిలించుకుని వాకిలి వైపు నడిచింది. ఈ మధ్య సాయంత్రమైతే ఇదే పని, నంద్యాలకు పోవాలంటుంది.

"ప్రమీలా" అన్నాడు డేనియలన్న. ఆమె నడుస్తూనే ఉంది. "ప్రమీలా!" గడప దాటింది. "ప్రమీలా..." ఆమె తిరగలేదు. వినీత్ తల నేలకు వేసుకున్నాడు.

"అన్నా," అన్నాను నేను, "పేరు వద్దు. నువ్వు ఎప్పుడూ పిలిచేది పిలువు."

ఆయన నా వైపు చూశాడు. అర్థమైంది. నంద్యాల నుంచి వచ్చినప్పటి నుంచి తనే పరాయివాడిలా పిలుస్తున్నాడని అర్థమైంది. కుర్చీ పట్టుకుని లేచి, వీధి మొదటి నుంచి పిలిచినట్టే పిలిచాడు.

"మేయ్!"

ప్రమీలక్క నిలబడిపోయింది. "ఆఁ, వస్తాండా" అంది. తిరిగింది. ఆ మొహం మా పాత ప్రమీలక్కది. వడివడిగా లోపలికి వచ్చి, మమ్మల్నందరినీ దాటి చూసింది. వంటింట్లోకి తొంగి చూసింది. పడగ్గది తలుపు తోసి చూసింది.

"యాడుండాడు? మా ఇంటాయన పిలిచినట్లుండెనే."

"ఈడే ఉండా మేయ్. నేనే" అన్నాడు డేనియలన్న.

ఆమె ఆయన్ని నిదానంగా చూసింది. ఆ నెరసిన గడ్డాన్ని, రాతి పొడి ఎన్నటికీ వదలని ఆ చేతుల్ని చూసింది. చూసి, బడికొచ్చిన పిల్లల తండ్రులతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడింది.

"నువ్వు గాదప్పా. ఆయన వస్తాండాడు, గొంతు యినపడె. నువ్వు నిలబడుకున్నావే, కూచో. ఆయనొచ్చినాక అన్నం పెడతా, నువ్వు గూడా తినిపో."

హరీష్ మొహం గోడకు తిప్పుకున్నాడు. నేను ఏడుపు ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

డేనియలన్న ఆమె చంకనున్న సంచీ నెమ్మదిగా తీసి మేకుకు తగిలించాడు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"సరేమ్మా" అన్నాడు. "ఆయనొచ్చేదాంక ఈడనే కూచుంటాలే."