రెండేండ్లు చాలు

మొన్న వికారాబాద్ బస్టాండు దగ్గర ఒక పాత లారీ నీలం పొగ వదిలింది. ఆ మాడిన ఆయిల్ వాసనకు తాండూరులోని మెకానిక్ షెడ్డు గుర్తొచ్చింది.

నాన్న చాలా ఏళ్లు గనుల్లో నాపరాయి కోసి, ఆ తర్వాత లారీ కొనుక్కున్నాడు. నా చిన్నప్పుడు ఒకరోజు ఆ లారీ మొరాయిస్తే ఇద్దరం షెడ్డుకు తీసుకెళ్లాం. మెకానిక్ స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి విన్నాడు.

"బాగుచేస్తే రెండేండ్లొస్తది. కొత్తది ఏస్తే పదేండ్లు ఫికరుండదన్నా."

నాన్న దగ్గు తగ్గేదాకా ఆగి, "నాకు రెండేండ్లు చాలు. గిదే బాగుచెయ్," అన్నాడు.

"గా తర్వాత కొత్త లారీ కొంటవా నాయినా?" అని అడిగాను.

"ఆఁ, కొంట బిడ్డా."

మెకానిక్ తల దించుకుని పానాలు ఏరుకున్నాడు. నేను మాత్రం బడిలో అందరికీ కొత్త లారీ గురించి చెప్పుకున్నాను.

ఆ ఇంజను మూడేళ్లు నడిచింది. చివరి ఏడాది లారీని చిన్నాన్న నడిపాడు.