తలుపు రేకు మీది ఉప్పు

1962 వేసవి, శనివారం. ఉన్నవాళ్లు: నాయన, కారు యజమాని, తొమ్మిదేళ్ల నేను.

నిన్న మా గేటుకు తుప్పు పట్టకుండా ఎర్రటి రెడాక్సైడు రంగు పూస్తుంటే, ఆ వాసనకు పాత డైరీ తీశాను. పైన ఇచ్చిన వరుస అందులో నా పిల్లరాతలో అలాగే ఉంది.

సూళ్లూరుపేట పక్కన, పులికాట్ ఉప్పునీటి సరస్సు ఒడ్డునున్న మా ఊళ్లో నాయన తుప్పు పట్టిన కార్లు బాగుచేసేవాడు. తుప్పు గీకి, బావినీళ్లతో కడిగి, ఆరాక రేకు మీద వేలు రాసి నాలుకకు ఆనించేవాడు. ఉప్పగా ఉంటే మళ్లీ కడగాల్సిందే. ఉప్పు మీద రంగు వేస్తే లోపల తుప్పు మళ్లీ పుడుతుంది.

ఆ శనివారం సాయంత్రం, నాయన బాగుచేస్తున్న కారు యజమాని వచ్చి, రంగు ఆరని మడ్‌గార్డు మీద కాలు పెట్టాడు. చెప్పుకు ఎర్రరంగు అంటింది.

"రంగు పూసినావని చెప్పాల్సిన పన్లేదంట్రా? తుడువు."

నాయన మోకాళ్ల మీద కూర్చుని, భుజం మీది తువ్వాలుతో అతని చెప్పు తుడిచాడు.

అతను వెళ్లాక అడిగాను. "ఎందుకు తుడిచినావు నాయనా?"

"గమ్మునుండు పాపా."

నాయనకు రోషం లేదనుకున్నాను. చెంబెడు పులికాట్ నీళ్లు తెచ్చి, నాయన కడిగి ఉంచిన అతని కారు తలుపంతా పూశాను. తెల్లారేసరికి ఉప్పు ఆ రేకును తినేస్తుందని నా నమ్మకం.

మర్నాడు పొద్దున రెండు మూడు ఎర్రటి చుక్కలు తప్ప తలుపు చెక్కుచెదరలేదు. నాకు ఏడుపొచ్చింది. యజమాని చూస్తుండగా నాయన రేకు మీద వేలు రాసి నాలుకకు ఆనించాడు.

"ఏందిరా, నా కారు నాకతా ఉండావా?" అని నవ్వాడతను.

నాయన నావైపు చూశాడు, తర్వాత అతని చెప్పులవైపు. పనిలో నాయన అబద్ధమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఉప్పు లేదయ్యా," అని రంగు డబ్బా మూత తీశాడు.