రెండు గీతల మధ్య

మొన్న పెట్రోల్ బంకులో బానెట్ ఎత్తి ఇంజన్ నూనె చూసుకుంటుంటే, పక్క కారాయన "సార్ రాలేదా మేడమ్?" అని అడిగాడు. వచ్చి ఏం చేయాలన్నాను. ఆయన నవ్వలేదు. నాకు మాత్రం మా బావగారు గుర్తొచ్చారు.

మావారి అన్నగారాయన. కళ్యాణదుర్గంలో వేరుశనక్కాయల వ్యాపారం. ఏది కొలిచినా పైన పోగు నిలబడాలి, ఆపైన పిడికెడు కొసరు పడాలి. అది ఆయన మర్యాద. అన్నం వడ్డించినా విస్తరి కనపడనిచ్చేవారు కాదు. ఉమ్మడి కుటుంబానికి ఉమ్మడి కారు. ఊళ్ళో ఆయన నడిపేవారు, ఊరు దాటితే నేను. నూనె పోయడం మాత్రం ఆయన హక్కు. కారుతో వచ్చిన పుస్తకం చదివింది ఇంట్లో నేనొక్కదాన్నే, అందుకే నా మాటంటే అందరికీ అనుమానం.

ఒకసారి మా అత్తగారికి అనంతపురంలో కంటి ఆపరేషన్. పొద్దున పదికల్లా అక్కడుండాలి, తప్పితే మళ్ళీ నెల దాకా డాక్టరు దొరకడు. ఆవిడకు అప్పటికే గ్లాసేదో చెంబేదో తెలియడం లేదు. ముందురోజు సాయంత్రం బావగారు కారును ఇంటి ముందు ఏటవాలులో ఆపీ ఆపగానే ఇంజన్‌లో నూనె కొలిచే కడ్డీ తీసి చూసి, తక్కువుందని లీటరు నూనె పోసేశారు. బండి చదునుగా ఉండాలి, పైకెక్కిన నూనె కిందికి దిగాలి, అప్పుడు చూడాలని మొత్తుకున్నాను. "దూరం పోయే బండమ్మా, కడుపు నిండుండాల" అన్నారు.

తెల్లారి బయల్దేరితే వెనకాల నీలం పొగ, నూనె కాలుతున్న గుర్తు. నేను రోడ్డు వదిలి, కాయలు ఆరబోసే సిమెంటు కళ్ళంలోకి పోనిచ్చాను. ఊళ్ళో అంతకంటే చదునైన నేల లేదు. ఇంజన్ ఆపి, పది నిమిషాలు ఎవరూ ముట్టకూడదన్నాను. నా పంతానికి అమ్మ కళ్ళు పోతాయని బావగారు గొణిగారు. వెనక సీట్లోంచి అత్తగారే, "ఆయమ్మను చూడనీరా. దావలో బండి నిలబడితే నన్ను నువ్వు మోసుకుంటావా?" అన్నారు.

కడ్డీ తుడిచి, ముంచి తీశాను. కడ్డీ మీదున్న రెండు గీతల్లో పై గీత దాటి వేలి మందాన ఉంది నూనె.

"ఇది శెనక్కాయల కొలత కాదు బావా. ఎక్కువైతే నూనె నురగ కట్టి ఇంజన్‌ను తింటాది. ఈ రెండు గీతల మధ్యనే ఉండాల."

ఆయన కడ్డీని ఎండకు తిప్పి చూశారు. తనే తుడిచి మళ్ళీ ముంచారు. కడ్డీ మాట మార్చలేదు. పక్క షెడ్డులోని మెకానిక్ వచ్చి, అడుగు బోల్టు వదులు చేసి, ఎక్కువైన నూనె డబ్బాలోకి దించుతూ "యెవురప్పా ఇంత పోసినారు?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. అందులో ఉన్న రుచి నా జన్మలో ఏ వాదనలోనూ దొరకలేదు.

దారిలో పొగ పోయింది. పదికి పావుగంట ముందే చేరాం. మర్నాడు కట్టు విప్పగానే అత్తగారు బావగారిని చూసి, "తలంతా నెరిసిపోయిందే నీకు" అన్నారు. ఆయన బయటికొచ్చి, నూనె తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టి, "ఇంక నువ్వే చూడమ్మా" అన్నారు.

అప్పటికి పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో నా మాట ఒక్కటీ గెలవలేదు. గెలవడానికి కావలసింది నూనె కిందికి దిగేంతసేపు ఊరుకోవడమేనని తెలియడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.