లాగౌట్ బాబాయి కోపం

లాగౌట్ చేయకుండా ఎవరైనా కుర్చీలోంచి లేచారంటే లాగౌట్ బాబాయికి ఒళ్లు మండిపోయేది. ఆఫీసులో అందరికన్నా పాత ప్రోగ్రామర్ ఆయన. ఒకసారి మేనేజరు కంప్యూటర్ అలాగే వదిలేసి కాఫీకి వెళితే, మేనేజరు పేరుతోనే అందరికీ మెయిల్ పోయింది: "నాకు జాగ్రత్త లేదు. నన్ను నమ్మకండి."

కొత్తగా చేరిన అమ్మాయికి ఆ కోపం మొదటి వారంలోనే తగిలింది. ఆడవాళ్ల ఆస్పత్రి ఒకదానికి వెబ్‌సైట్ కడుతున్నారు. రోగులు తమ రిపోర్టులు అందులో చూసుకోవచ్చు. లాగిన్, లాగౌట్ ఆమె పని. చూపించగానే బాబాయి లాగౌట్ నొక్కి, వెంటనే వెనక్కి బాణం నొక్కాడు. రిపోర్టు మళ్లీ ప్రత్యక్షమైంది.

"ఇదా లాగౌట్? వెళ్లినట్టు నటనా?" అని గయ్యిమన్నాడు.

దిద్ది తెచ్చింది. ఈసారి బాబాయి, లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే గుర్తును ముందే కాపీ చేసి పెట్టుకున్నాడు. లాగౌట్ అయ్యాక దాన్ని అతికిస్తే పేజీ తెరుచుకుంది.

"బ్రౌజర్‌లో చెరిపావు సరే. సర్వర్‌లో ఇంకా తెరిచే ఉన్న సెషన్‌ను ఎవరు మూస్తారు, మీ మేనమామా?"

"అంత పనిగట్టుకుని ఎవరు చూస్తారు బాబాయ్?" ఆమెకూ ఉక్రోషం ముంచుకొచ్చింది.

"ఎవరో తెలిస్తే వాళ్లింటికే వెళ్లి తిట్టొచ్చేవాణ్ణి!"

మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి "సర్లే, పెట్టెయ్" అన్నాడు. ఆ సాయంత్రమే అమ్మాయి వేరే ఉద్యోగాలు వెతకడం మొదలుపెట్టింది.

సైట్ మొదలైన పదో రోజు ఆస్పత్రివాళ్లు ఒక ఫిర్యాదు కాల్ కలిపారు. స్పీకర్లో ఓ పెద్దావిడ గొంతు ఖంగుమంది.

"ఏం సైటయ్యా మీది! కోడలు ఫోన్ వదిలి స్నానానికి వెళ్లింది కదా, రిపోర్టులో ఏముందో చూద్దామనుకుంటే ఎంత వెనక్కి నొక్కినా లాగిన్ పేజీయే! అయిదు పాస్‌వర్డులు కొట్టేసరికి తాళం పడిపోయింది. ఇంటికి పెద్దదాన్ని, నాకే దారి లేదా?"

బాబాయి ఇప్పుడు పేలతాడనుకుంది అమ్మాయి. ఆయన గొంతు మాత్రం వెన్నలా వచ్చింది.

"తప్పు మాదేనమ్మా. మీ కోడలు ఏమీ చేయలేదు, మేమే మొండిగా కట్టాం. ఆవిణ్ణేమీ అనకండి, తిట్టాలంటే నన్ను తిట్టండి."

ఆవిడ మొహమాటపడలేదు. పది నిమిషాలు తిట్టింది. ప్రతిదానికీ "అవునమ్మా" అన్నాడు.

ఫోన్ పెట్టాక అమ్మాయి వైపు చూడకుండానే గొణిగాడు: "పని ఒప్పుకునే ముందు ఆ ఆస్పత్రి వరండాలో రెండు రోజులు కూర్చున్నానమ్మా. సగం మందికి ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోన్. ఎవరి బాధ వాళ్లు చెప్పుకోవాలనుకున్నప్పుడే చెప్పుకోవాలి కదా!" వెంటనే మళ్లీ కళ్లెర్రజేశాడు. "అయినా ఆ తిట్లన్నీ నీకు రావాల్సినవి! నీ పనికి ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఎవరిస్తారు?"

అమ్మాయికి నవ్వాగలేదు.

"ఈసారి ఆవిడ చేస్తే ఫోన్ నాకివ్వండి బాబాయ్. నా సర్టిఫికెట్ నేనే తీసుకుంటాను."