రొట్టెల బుట్టలో మాత్రలు

నా చిన్నప్పుడు కన్నడ సీమలోని హచ్చొళ్ళిలో, తెలుగు మాట్లాడే మా ఇంట్లో కన్నడ చదవడం నాకొక్కదానికే వచ్చు. అందుకే మా అవ్వకు చక్కెర జబ్బని తేలినప్పుడు మాత్రలిచ్చే పని నాకు అప్పగించారు. పొట్లం మీద ‘పొద్దున ఒకటి, తినడానికి ముందు’ అని కన్నడంలో రాసుండేది. ఇంట్లో పెద్దదానికి మందిచ్చే పెత్తనం దొరికినందుకు మూడు రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

నాలుగో రోజు శనివారం. శనివారాలు అవ్వ ఒక్కపొద్దు ఉంటుందని, పొద్దుగూకేదాకా ఏమీ తినదని నాకు తెలుసు. కానీ పొట్లం మీద శనివారం మాట లేదు కదా. ఎప్పటిలాగే మాత్ర ఇచ్చాను.

మధ్యాహ్నానికి అవ్వకు చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. గాలి సోకిందని అమ్మ నిమ్మకాయ కోసం వెతుకుతుంటే నేను పక్కింటికి పరుగెత్తాను. ఆసుపత్రిలో ఆ పొట్లం కట్టిచ్చిన కాంపౌండరు మామ ఇల్లు అదే. ఆయన అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు.

“అవ్వా, పొద్దున ఏం తిన్యావు?”

“ఈ పొద్దు ఒక్కపొద్దు కదప్పా,” అంది అవ్వ అతి కష్టం మీద.

తిండి లేకుండా మాత్ర పడేసరికి ఒంట్లో చక్కెర పడిపోయిందంటూ ఆయన చక్కెర నీళ్ళు కలిపి గుక్క గుక్కగా తాగించాడు. కాసేపటికి అవ్వ తేరుకుని, ఒక్కపొద్దు చెడగొట్టావని ఆయన్నే తిట్టింది.

నేను మూల కూర్చుని ఏడుస్తున్నాను. అవ్వ చచ్చిపోయి ఉంటే చంపినదాన్ని నేనే అయ్యేదాన్ననుకున్నాను. మామ నా పక్కన కూర్చున్నాడు.

“నువ్వు సరిగ్గానే చదివినావు పాపా. ఒక్కపొద్దులు ఉండాయేమో అని అడగాల్సినోణ్ణి నేను. తప్పు నాది.”

పెద్దవాళ్ళు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆయన మా ఇంటి గూట్లో ఉన్న మాత్రలను చిన్న డబ్బాలో వేసి, జొన్నరొట్టెల బుట్టలో పెట్టాడు. రొట్టె కోసం చెయ్యి పెట్టినప్పుడే మాత్ర తీయాలని, రొట్టె లేని పూట దాని జోలికి పోవద్దని చెప్పాడు. మామ చెప్పగా విని ఆసుపత్రి డాక్టరు ఒక్కపొద్దులు మానమన్నాడు. అవ్వ నెల రోజులు మామతో మాట్లాడలేదు గానీ, శనివారాలు రొట్టె మాత్రం తింది.

తర్వాత నేనూ సిరుగుప్పలో మందుల అంగట్లో చేరి ముప్పై ఏళ్ళకు పైగా డాక్టర్ల చీటీలు చదివాను. “ఒక్కపొద్దులు ఉంటావా అమ్మా?” అని అడగందే చక్కెర జబ్బు మాత్రలు ఎవరి చేతికీ ఇవ్వలేదు. కొందరు విసుక్కునేవాళ్ళు, నా పని నన్ను చూసుకోమనేవాళ్ళు. ఇప్పుడు నాకూ అదే జబ్బు, నా డబ్బా కూడా రొట్టెల బుట్టలోనే ఉంది. దాన్ని తీసిన ప్రతి పొద్దూ మామ గుర్తొస్తాడు. ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉంటే, నేను జన్మలో మళ్ళీ మందు పొట్లం ముట్టేదాన్ని కాదు.