పెళ్లి బంతికి పెరటి వాటం

మొన్న మా ఆడపడుచు ఛత్రపూర్ నుంచి ఫోన్ చేసింది. ఇంటికీ, పక్కన కొత్తగా కట్టిన గదులకీ మధ్య రాతి పలకలు పరిపిస్తున్నారట. "ఒదినా, నీళ్లు పోడానికి మన పెరట్లో వాటం ఎంత పెట్టించారేటి?" అని అడిగింది. జవాబు కన్నా ముందు నాకు నవ్వొచ్చింది. అవతల తనూ నవ్వేసింది. నవ్వదూ మరి, ఆ గొడవంతా తన పెళ్లి భోజనాల కోసమే!

మా ఊరి బడా బజార్లో మాకు ముందు ఇల్లు, వెనక చింతపండు గొడౌను, నడుమ మట్టి పెరడు. వానొస్తే రెండు పైకప్పుల నీళ్లూ అక్కడే దిగి బురదగుంట అయ్యేది. పెళ్లి చూస్తే వానలు మొదలయ్యే జ్యేష్ఠమాసంలో కుదిరింది. మగపెళ్లివారు గోపాల్‌పూర్‌లో హోటలు చూద్దామన్నారు. మా అత్తగారికి ఒళ్లు మండిపోయింది. "నా కూతురి పెళ్లికి నా గుమ్మంలో నాలుగు మెతుకులు ఎట్టలేనా?" అని ఆ పూట అన్నం ముట్టలేదు. పెరడంతా పలకలు వేయిస్తానని మా ఆయన మాటిచ్చాకే లేచారు.

అసలు పేచీ అక్కడే మొదలైంది. రెండు గోడల నుంచీ నేల నడుమకి వాలాలి, నడుమ కాలవ తీసి వీధి నాలాలో కలపాలి, లేకపోతే తడంతా గోడల్లోకి ఎక్కుతుందని మా ఆయన వాదన. కాదు, నేల పీటలా చదునుగా ఉండాలని అత్తగారు. మాది కింద కూర్చోబెట్టి అరిటాకులో వడ్డించే ఇల్లు. బల్లమీద తింటే ఆవిడ లెక్కలో అది టిఫినే. "వాటం ఎడితే ఆకులో సారు ఏటౌద్దిరా? వియ్యపురాలి పట్టుసీర మీదకి ఎల్లిపోదూ?"

మా ఆయన పంతం కొద్దీ ఓ మూల వాటంగా నాలుగు పలకలు వేయించారు. అత్తగారు అక్కడే ఆకు వేసి, మామగారిని గోడకేసి ముఖం పెట్టి కూర్చోబెట్టి, అన్నం మీద చారు పోశారు. అది తిన్నగా వచ్చి ఆయన పంచె మీద పడింది. "ఓలమ్మో, కాలిపోనాను!" అని ఆయన గెంతిన గెంతుకి పెళ్లికూతురు నవ్వలేక పొట్ట పట్టుకుని కూలబడింది.

మా ఆయన ఊరుకుంటారా! పలకలు లేపించి, నాలుగడుగులకి అరంగుళమే వాలేలా సర్దించారు. "నాన్నా, ఇటు తిరిగి గోడకి ఈపు ఆనించి కూకోండి" అన్నారు. మామగారు పంచె ఎగదోపుకుని భయపడుతూనే కూర్చున్నారు. ఈసారి చారు ఒడికి దూరంగా కదిలి, అన్నం కుప్ప దగ్గర ఆగింది. అత్తగారు వంగి చూసి, "ఐతే అందరూ గోడకి ఈపెట్టే కూకోవాల. ఒక్కరు అటు తిరిగినా నానొప్పుకోను" అన్నారు. హమ్మయ్య అనుకున్నాం.

పెళ్లినాడు పొద్దున్న ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. అత్తగారు గుమ్మంలో నిలబడి, ఉన్న దేవుళ్లందరికీ మొక్కేశారు. వాన వెలిసేసరికి నీళ్లన్నీ నడుమ కాలవలో పడి బిరబిరా వీధిలోకి పోయాయి. మేం తుడిచి చాపలు పరిచాం. రెండు గోడల వెంటా రెండు బంతులు ఎదురెదురుగా కూర్చున్నాయి. వియ్యపురాలు మారు వేయించుకుని, "ఒదినగారూ, హోటల్లో ఐతే ఇలా కూకోబెట్టి ఎవరెడతారండీ?" అంది. అత్తగారు గరిటె చేతిలో ఉండగానే కళ్లు తుడుచుకుని, నవ్వుతూ ఆవిడ ఆకులో ఇంకో గరిటెడు చారు పోశారు.

అత్తగారు ఇప్పుడు లేరు. ఏళ్లన్నీ వాటం దొరికిన వైపు జారిపోయాయి గాని, ఆ మధ్యాహ్నం మాత్రం నా దగ్గరే నిలిచిపోయింది.